ముహూర్తం తప్పని కంప్యూటర్లు

"ఇంకొంచెం పెద్ద ప్రాసెసరు వేసేస్తే పోలా?" మా వృత్తిలో ఏ మీటింగుకెళ్ళినా ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. పరికరం నెమ్మదిగా ఉందా, పెద్ద ప్రాసెసరు. ప్రోగ్రాము మెమరీలో పట్టటం లేదా, పెద్ద ప్రాసెసరు. వారానికోసారి కారణం తెలియకుండా తడబడుతోందా, దానికీ పెద్ద ప్రాసెసరే. మొదటి రెండు జబ్బులకీ ఆ మందు బానే పనిచేస్తుంది. మూడోదానికి వాడితే మాత్రం చాలాసార్లు రోగం ముదురుతుంది. ఎందుకలా అన్నది అర్థం కావాలంటే అరవై ఏళ్ళ చరిత్ర కొంచెం తిరగెయ్యాలి.

ముందు ఒక్క మాట. బల్లమీద ఉండే కంప్యూటరు వేరు, వాషింగ్ మెషీన్లోనో, కారు బ్రేకుల్లోనో, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే పంపులోనో ఇమిడిపోయిన కంప్యూటరు వేరు. రెండోదాన్నే ఎంబెడెడ్ అంటున్నాం. మొదటిది జవాబు సరిగ్గా చెబితే చాలు, రెండు సెకన్లు ఆలస్యమైతే మనం విసుక్కుని ఊరుకుంటాం. రెండోది సరైన జవాబుని సరైన సమయానికి చెప్పాలి. ముహూర్తం దాటాక తాళి తెచ్చి "బంగారం మేలిమిదే కదండీ" అంటే ఒప్పుకుంటారా? ఇదీ అంతే. ఇంత వేగంగా చేస్తాను అనటం కాదు, ఫలానా సమయం దాటనివ్వను అని మాట ఇవ్వగలగాలి. ఈ రెండూ ఒకటే అనుకోవటం దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ అపోలో గైడెన్స్ కంప్యూటరు. అమెరికాలో ఎమ్ఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీ వాళ్ళు తయారుచేసింది. దాదాపు 32 కిలోల బరువు. రాసి చెరపగల మెమరీ 2,048 పదాలు, చెరపలేని మెమరీ 36,864 పదాలు, ఒక్కో పదానికి 16 బిట్లు. అంటే ఇవాళ్టి లెక్కలో 4 కిలోబైట్లూ, 72 కిలోబైట్లూ అన్నమాట. ఆ చెరపలేని మెమరీని నిజంగానే అల్లేవాళ్ళు. రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు సన్నటి తీగని అయస్కాంతపు రింగుల్లోంచి దూరిస్తే 1, పక్కనుంచి పోనిస్తే 0. అల్లిక అయ్యాక ప్రోగ్రాములో తప్పు దొరికితే ఇంక అంతే సంగతులు.

1969 జులై 20న చంద్రుడి మీద దిగుతుండగా ఈ కంప్యూటరు 1202, 1201 అంటూ హెచ్చరికలు మొదలెట్టింది. ఆ సమయంలో అవసరం లేని ఒక రాడార్ నుంచి వస్తున్న పల్సుల్ని లెక్కపెట్టటానికే ప్రాసెసరు సమయంలో పది శాతానికి పైగా హరించుకుపోయింది. ఇచ్చిన పనులన్నీ చెయ్యటానికి టైము చాల్లేదు. మామూలు కంప్యూటరైతే అక్కడే చేతులెత్తేసేది. కానీ హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతిలో ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంది. హెచ్చరిక వచ్చినప్పుడల్లా కంప్యూటరు తనని తాను తిరిగి మొదలుపెట్టుకుని, దిగటానికి అత్యవసరమైన పనులు ఉంచుకుని, మిగతావి పక్కన పెట్టింది. వాహనం క్షేమంగా దిగింది. ఆ సాఫ్ట్‌వేరు బృందానికి నాయకత్వం వహించిన మార్గరెట్ హామిల్టన్ పేరు చాలామంది వినే ఉంటారు. ఇక్కడ నాకు నచ్చేదేమిటంటే, వాళ్ళని కాపాడింది ప్రాసెసరు బలం కాదు. బలం చాలనప్పుడు ఏది వదిలెయ్యాలో ముందే ఆలోచించి పెట్టుకోవటం.

అక్కణ్ణుంచి చిప్పుల కాలానికొద్దాం. 1971లో ఇంటెల్ 4004 వచ్చింది. అదీ ఒకరకంగా ఎంబెడెడ్ బిడ్డే, బిజికామ్ అనే జపాన్ కంపెనీ క్యాలిక్యులేటర్ల కోసం పుట్టింది. 2,300 ట్రాన్సిస్టర్లు. తరవాత 1976లో 8048, 1980లో 8051. ఐబీఎమ్ వాళ్ళ మొట్టమొదటి పీసీ 1981లో వచ్చినప్పుడు దాని కీబోర్డులో కూర్చుంది 8048. అంటే పీసీ పుట్టిన రోజునే దాని పక్కన ఇంకో చిన్న కంప్యూటరు చడీచప్పుడు లేకుండా పనిచేస్తోంది.

8051లో ప్రోగ్రాముకి 4 కిలోబైట్లు, డేటాకి 128 బైట్లు. యూనీకోడ్‌లో తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు కాబట్టి, ఓ మోస్తరు తెలుగు వాక్యం కూడా అందులో పట్టదు. అయినా అది దశాబ్దాలపాటు ప్రపంచాన్ని ఏలింది. కారణం చవక ఒక్కటే కాదు. దాని దగ్గర దాపరికం లేదు. 12 మెగాహెర్ట్జ్ గడియారం పెడితే ఒక మెషీన్ సైకిల్ కచ్చితంగా ఒక మైక్రోసెకను. ఏ ఆదేశమైనా ఒకటి లేదా రెండు సైకిళ్ళు, గుణకారం, భాగహారం అయితే నాలుగు. ప్రోగ్రాము కాగితం మీద పెట్టుకుని, పెన్సిలుతో కూడుకుంటూ పోతే ఆ పనికి ఎంత సమయం పడుతుందో తేలిపోతుంది. నిన్నా అంతే, ఇవాళా అంతే.

మన దగ్గర ఈసీఈ చదివినవాళ్ళకి ఇది బాగా గుర్తుండాలి. ల్యాబులో 8085 కిట్టు, ఎర్రటి అంకెల డిస్‌ప్లే, పదహారంకెల కీప్యాడు. ఆలస్యం కోసం లూపు రాయమనేవాళ్ళు. డీసీఆర్ ఆదేశానికి 4 టీ-స్టేట్లు, జేఎన్‌జెడ్ గెంతితే 10, గెంతకపోతే 7. వీటిని గుణించి కూడి ఇన్ని మిల్లీసెకన్లు అని రికార్డులో రాసేవాళ్ళం. "ఈ చాకలిపద్దులు ఎవడిక్కావాలిరా బాబూ" అని తిట్టుకోని వాడు మా బ్యాచిలో లేడు. ఆ పద్దు విలువేంటో కిందికెళ్ళాక చెబుతాను.

ఇప్పుడు రెండో వైపు వాదన కూడా వినాలి. బలం అక్కర్లేదు అనటం నా ఉద్దేశం కాదు. 1985లో యాపిల్ అమ్మిన లేజర్‌రైటర్ ప్రింటరు సంగతే చూడండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఒక అమెరికన్ లెటర్ పేజీకి దాదాపు 84 లక్షల చుక్కలు. చుక్కకో బిట్టు అనుకున్నా పదిలక్షల బైట్లు దాటిపోతాయి. పైగా కాగితం ఒకసారి కదలటం మొదలెట్టాక మధ్యలో ఆగదు. అందుకని ప్రింటరులో 12 మెగాహెర్ట్జ్ మోటరోలా 68000, 1.5 మెగాబైట్ల మెమరీ పెట్టారు. దానికి పని చెప్పే మాకింటాష్‌లో ఉన్నది దాదాపు 8 మెగాహెర్ట్జ్ 68000, 512 కిలోబైట్లు! యజమాని కంటే పనివాడే బలవంతుడు. ధర 6,995 డాలర్లు. కానీ ఆ బలం లేకపోతే పోస్ట్‌స్క్రిప్ట్ లేదు, డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే రంగమే లేదు. ఎంబెడెడ్ అంటే బక్కప్రాణి అన్న అభిప్రాయాన్ని గట్టిగా దెబ్బకొట్టిన వాటిలో ఇదొకటి.

బలం లేకపోతే ప్రాణం మీదికి వస్తుందనటానికి ఏరియన్ 5 రాకెట్టు సాక్ష్యం. 1996 జూన్ 4న బయల్దేరిన నలభై సెకన్లలోపే దారి తప్పి పేలిపోయింది. 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి కుక్కబోతే పట్టలేదు, దిశ చెప్పాల్సిన కంప్యూటరు ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండోది అచ్చు అలాంటిదే కాబట్టి అదీ అదే కారణంతో ఆగిపోయింది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తక్కువమంది చెప్పుకునేది ఇంకోటుంది. అలా పొంగిపోయే ప్రమాదమున్న చలరాశులు ఏడు. వాటిలో నాలుగింటికే రక్షణ పెట్టారు. ఎందుకంటే ప్రాసెసరు మీద భారం 80 శాతం మించకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. మిగిలిన మూడూ ఏరియన్ 4 ప్రయాణంలో హద్దు దాటవని లెక్కేసి వదిలేశారు. అదే ప్రోగ్రాము ఏరియన్ 5కి తెచ్చిపెట్టారు, దాని ప్రయాణం వేరు. పెద్ద ప్రాసెసరు ఉండి ఉంటే ఆ పొదుపు ఆలోచన వచ్చేదే కాదేమో. కాబట్టి ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బలానికి విలువుంది.

మరి చిక్కెక్కడ? బలం వచ్చిన దారిలో. ప్రాసెసర్ల వేగం పెరిగినంతగా మెమరీ వేగం పెరగలేదు. ఆ తేడా కనపడకుండా చెయ్యటానికి కాష్ అనే చిన్న మెమరీని ప్రాసెసరు పక్కనే పెట్టారు. వంటింట్లో పోపుల డబ్బా లాంటిది. ఆవాలు, జీలకర్ర, మిరపకాయలు చేతికందేంత దూరంలో ఉంటాయి. డబ్బాలో లేనిది కావాలంటే స్టూలు వేసుకుని అటకెక్కాలి. నెల మొత్తం సగటు తీస్తే వంట చాలా త్వరగా అయిపోయినట్టే లెక్క. కానీ నూనె కాగాక ఆవాలు డబ్బాలో లేవని తెలిస్తే? ఆ రోజు నూనె మాడిపోతుంది. సగటు బాగుందని మాడిన పోపు కమ్మగా ఉండదు కదా. దీనికి పైప్‌లైన్లూ, ముందేం జరుగుతుందో ఊహించే యంత్రాంగమూ తోడయ్యాయి. అన్నీ సగటు వేగాన్ని పెంచేవే. వీటన్నిటితో పాటు పెన్సిలుతో లెక్కకట్టే పద్ధతి పోయింది. ఒకే ఆదేశం ఒకసారి ఒక సైకిల్లో, ఇంకోసారి వంద సైకిళ్ళలో పూర్తవచ్చు. ఎంత పడుతుందో చెప్పమంటే "మామూలుగా ఇంత" అనాల్సిందే. ముహూర్తానికి "మామూలుగా" అనే మాట చెల్లదు.

రెండో చిక్కు, బలం ఉంది కదా అని పనులు పోగెయ్యటం. ఒకే ప్రాసెసరు మీద పాతిక పనులు నడిపితే అవి ఒకదాన్నొకటి ఎలా అడ్డుకుంటాయో ఊహించటం కష్టం. దీనికి గణితం ఎప్పుడో ఉంది. 1973లో సి. ఎల్. లియు, జేమ్స్ లేలాండ్ అనే ఇద్దరు ఒక చక్కటి ఫలితం నిరూపించారు. నిర్ణీత వ్యవధికోసారి వచ్చే, ఒకదాని మీద ఒకటి ఆధారపడని పనులకి, ఎంత తరచుగా వస్తే అంత ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వండి. మొత్తం భారం దాదాపు 69 శాతం లోపుంటే, పనులెన్ని ఉన్నా ఏదీ గడువు తప్పదు. ప్రాసెసరు ఎంత వేగమైనదన్న ప్రసక్తే లేదు చూడండి. ఎంత ఖాళీ ఉంచావు, ఎవరికి ముందు దారిచ్చావు, అంతే ప్రశ్న.

ఈ లేలాండ్ పనిచేసింది నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో. 24 ఏళ్ళ తరవాత అదే సంస్థ పంపిన మార్స్ పాత్‌ఫైండర్ 1997 జులై 4న అంగారకుడి మీద దిగింది. అందులో 20 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 128 మెగాబైట్ల మెమరీ. అపోలోతో పోలిస్తే రాజుగారి కోట. దిగిన కొద్ది రోజులకి కంప్యూటరు దానంతటదే రీసెట్ అవటం మొదలెట్టింది.

జరిగిందేమిటో పెళ్ళివారింటి భాషలో చెబుతాను. కొబ్బరికాయలు కొట్టుగదిలో ఉన్నాయి. తాళంచెవి వంటవాళ్ళ కుర్రాడి దగ్గరుంది. పురోహితుడు కొబ్బరికాయ కోసం ఎదురు చూస్తున్నాడు. కుర్రాడు తాళంచెవి ఇచ్చేద్దామనే బయల్దేరాడు. కానీ ఇరుకు నడవాలో వడ్డించేవాళ్ళు వరసగా గిన్నెలతో వస్తున్నారు. వాళ్ళ హోదా ముందు కుర్రాడెంత, పక్కకి నిలబడ్డాడు. వడ్డించేవాళ్ళకంటే పురోహితుడు పెద్దవాడే, కానీ ఆయనకి కావాల్సినది చిన్నవాడి చేతిలో ఇరుక్కుపోయింది. ముహూర్తం దాటిపోయింది. పాత్‌ఫైండర్లో కుర్రాడు వాతావరణ సమాచారం సేకరించే పని, వడ్డించేవాళ్ళు సమాచార ప్రసారం లాంటి మధ్య స్థాయి పనులు, పురోహితుడు మొత్తం డేటా రాకపోకల్ని చూసే పని. గడువు తప్పటం గమనించిన కాపలా యంత్రాంగం కంప్యూటర్ని రీసెట్ చేసేసేది.

దీనికి మందు కూడా తెలిసిందే. తాళంచెవి చేతిలో ఉన్నంతసేపూ కుర్రాడికి పురోహితుడి హోదా ఇస్తే సరి, నడవాలో అందరూ తప్పుకుంటారు. లుయి షా, రాగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోచ్కీ 1990లో ఈ పద్ధతిని సిద్ధాంతంతో సహా ప్రచురించారు. పాత్‌ఫైండర్ వాడిన వీఎక్స్‌వర్క్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఆ సదుపాయం ఉంది కూడా, ఆ తాళానికి దాన్ని ఆన్ చెయ్యలేదు, అంతే. భూమ్మీద ఉన్న నకలు మీద తప్పుని పట్టుకుని, సరిచేసి, అంగారకుడికి పంపించారు. ఇందులో ఇంకో పదిరెట్లు వేగమైన ప్రాసెసరు పెట్టి ఉంటే? తప్పు పోయేది కాదు, ఇంకా అరుదుగా వచ్చేది. అరుదుగా వచ్చే తప్పుని పట్టుకోవటం ఎంత నరకమో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఈ లోపు ఇంగ్లండులో ఇంకో కథ నడుస్తోంది. 1985 ఏప్రిల్లో కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీకి సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొదటి ఆర్మ్ చిప్పు చేతికొచ్చింది. దాదాపు 25,000 ట్రాన్సిస్టర్లు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 80386లో 2,75,000. కరెంటు ఎంత తింటోందో చూద్దామని మీటరు పెడితే సున్నా చూపించిందట. తీరా చూస్తే సరఫరా తీగే కలపలేదు, పక్క చిప్పుల నుంచి సిగ్నళ్ళ దారిలో కారిన కరెంటుతోనే అది నడిచేస్తోంది. 1990లో ఆర్మ్ వేరే కంపెనీ అయింది. 32 బిట్ల ఆదేశాలు మెమరీని తినేస్తున్నాయన్న ఇబ్బందికి థంబ్ అనే 16 బిట్ల ఆదేశాల పద్ధతి కనిపెట్టారు. ఆర్మ్7టీడీఎమ్ఐ చిప్పుతో వచ్చిన నోకియా 6110, పాము ఆటతో సహా, ఆ వరసలో పుట్టిందే. పొదుపుగా బతకటం తెలిసిన బలవంతుడు దొరికాడు, ప్రపంచం మారిపోయింది.

ఆ తరవాత లినక్స్ వంతు. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరులో 125 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 16 మెగాబైట్ల మెమరీ. లోపల నడుస్తున్నది లినక్స్ అని బయటపడ్డాక 2003లో సోర్సు కోడు విడుదల చేశారు, దాన్నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఎంబెడెడ్ పని చెయ్యటానికి ఆసిలోస్కోపు అక్కర్లేదు, లినక్స్ తెలిస్తే చాలు అన్న రోజులొచ్చాయి. నాలాంటి వాళ్ళు ఈ రంగంలోకి రాగలిగింది ఆ తలుపు తెరుచుకోవటం వల్లే, కాదనను. కానీ అదే లినక్స్‌కి గడువు పాటించటం నేర్పే ప్రీఎంప్ట్-ఆర్‌టీ మార్పులు అసలు కెర్నెల్లోకి పూర్తిగా చేరింది ఎప్పుడో తెలుసా? 2024లో, 6.12 వెర్షన్లో. పని మొదలైన ఇరవై ఏళ్ళకి. బలం ఇవ్వటం తేలిక, మాట ఇవ్వటం కష్టం అనటానికి ఇంతకంటే రుజువేం కావాలి?

నేను గతంలో పనిచేసిన ఒక చోట మోటారు నడిపే పరికరాన్ని 8 బిట్ల చిప్పు నుంచి 400 మెగాహెర్ట్జ్ లినక్స్ బోర్డుకి మార్చారు. స్క్రీనొచ్చింది, నెట్‌వర్కొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. కొన్ని గంటలకోసారి మాత్రం మోటారు చిన్న కుదుపు కుదిపేది. ఫ్లాష్ మెమరీలో లాగు ఫైలు రాస్తున్నప్పుడు మోటారు పని ఒక్క క్షణం ఆలస్యమయ్యేదని తేలటానికి నెలన్నర పట్టింది. చివరికి చేసిందేమిటయ్యా అంటే, పెద్ద ప్రాసెసరు పక్కన మళ్ళీ ఓ చిన్న చిప్పు పెట్టి మోటారు పగ్గాలు దానికిచ్చారు.

అదేదో మా దగ్గర జరిగిన సర్దుబాటు మాత్రమే కాదు, ఆ తరవాత చిప్పులు చేసేవాళ్ళే ఆ దారి పట్టారు. ఆర్మ్ తన కార్టెక్స్ చిప్పుల్ని మూడు శాఖలుగా విడదీసింది. బలానికి ఏ, గడువుకి ఆర్, చిన్న పరికరాలకి ఎమ్. 2004లో వచ్చిన కార్టెక్స్-ఎమ్3 గర్వంగా చెప్పుకునేది వేగం కాదు, ఇంటరప్ట్‌కి 12 సైకిళ్ళలో స్పందిస్తానని. 2013 నాటి బీగుల్‌బోన్ బ్లాక్‌లో 1 గిగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసరు పక్కనే కాష్ లేని, ఊహాగానాలు లేని రెండు బుల్లి ప్రాసెసర్లున్నాయి. మామూలు ఆదేశానికి 5 నానోసెకన్లు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలో ఎనిమిది బుల్లి యంత్రాలున్నాయి, వాటికి తెలిసిన ఆదేశాలు తొమ్మిదే. కానీ ఒక్కోటి ఒక్క సైకిలే. అంటే 8051 పెన్సిలు లెక్క తిరిగొచ్చిందన్నమాట! ఏనుగుని కొన్నాక మావటివాణ్ణి పెట్టుకోవటం లాంటిది ఇది. విమానాల వాళ్ళయితే ఒకే చిప్పులో ఉన్న అనేక కోర్లు ఒకదాన్నొకటి ఎంత ఆలస్యం చేస్తాయో తేల్చమంటూ 2016లో కాస్ట్-32ఎ అనే పత్రమే విడుదల చేశారు.

కొన్ని చోట్ల ఏనుగునే వద్దంటారు. హైదరాబాదులో ఈసీఐఎల్, బెంగుళూరులో బెల్ తయారుచేసే మన ఓటింగు యంత్రాన్నే తీసుకోండి. 1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి వాడారు. బ్యాటరీ మీద నడుస్తుంది, నెట్‌వర్కు ఉండదు, చిప్పులో ప్రోగ్రాము ఒక్కసారే రాస్తారు. దాని మీద ఉన్న మిగతా వాదోపవాదాలు ఎలా ఉన్నా, దానికి క్వాడ్‌కోర్ పెట్టమని మాత్రం ఎవరూ అడగరు. లోపలి పని ఎంత తక్కువైతే తనిఖీ అంత తేలిక.

ఇంతకీ నా బాధేమిటంటే, మన ఇంజినీరింగు కాలేజీల్లో "ఇంకా 8085, 8051 ఏమిటండీ, తీసెయ్యండి" అనే వాదన గట్టిగా వినిపిస్తోంది. పాతవే పట్టుకు వేలాడమని నేనూ అనను. కొత్త బోర్డులు రావాల్సిందే, లినక్స్ నేర్పాల్సిందే. కానీ ఆ కిట్లతో పాటు టీ-స్టేట్ల పద్దు కూడా చెత్తబుట్టలోకి పోతే నష్టం మనదే. చిప్పు ఏదైనా, "ఈ పనికి మహా అయితే ఎంత సమయం పడుతుంది? అంతకు మించదని నువ్వు దేని ఆధారంగా అంటున్నావు?" అని అడగటం పిల్లలకి నేర్పాలి. పికో బోర్డు మీదైనా నేర్పొచ్చు, దానికేం పెద్ద ఖర్చు కాదు. ఆ కుర్రాళ్ళే రేపు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఎవరి కారు బ్రేకులకో, ఎవరి అమ్మగారి గుండె పక్కన పెట్టే పేస్‌మేకర్‌కో ప్రోగ్రాము రాస్తారు.

అప్పుడు మీటింగులో "పెద్ద ప్రాసెసరు వేసేస్తే పోలా" అని ఎవరైనా అంటే, "వేద్దాం సార్, కానీ ముందు గడువెంతో చెప్పండి" అనేవాడు ఆ గదిలో ఒక్కడైనా ఉండాలి.